త్యాగపు పూసలు

మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళలో నేనే ఆఖరివాణ్ణి. పుదుచ్చేరిలో, మా రెడ్డియార్‌పాళయంలో, మావాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట తమిళం రాస్తారు. మా నాయన మాత్రం ముత్తాత వదిలిపోయిన తెలుగు ప్రార్థన పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. ఇది ఎందుకని అడిగితే, "మనమెవరో మనకి తెలిసుండాల" అన్నాడు. అప్పటికే మేమెవరమో ఊరు పట్టించుకోవడం మానేసింది.

మేం ఎన్నో తరాల కిందట క్రైస్తవంలోకి వచ్చిన రెడ్లం. విల్లియనూరు వైపు మాకు పొలాలుండేవి. చర్చిలో ముందు వరుస బెంచీ మాది. దాని వీపున మా ఇంటిపేరు చెక్కి ఉండేది. పొలాలు తాతల తగాదాల్లో కొంత, నాయన మొండితనంలో మిగతాది కరిగిపోయాయి. ఇంటి ముందు భాగం నీటి పంపుల దుకాణానికి అద్దెకు పోయింది. నాయన చనిపోయిన ఏడాది మా చర్చి ఫాదర్ పాత బెంచీలు తీయించి కొత్తవి వేయించారు. వాటి మీద ఎవరి పేర్లూ లేవు. దేవుడి ముందు అందరూ సమానమే అన్నారు. అంతకు ముందు చాలా ఏళ్ళపాటు ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

మాకు మిగిలిన మర్యాద ఒక్కటే. ముత్తాత ఫ్రాన్సు నుంచి ఓడలో తెప్పించిన ఒక పునీతుడి విగ్రహం చర్చిలో ఎడమ పక్క నిలబడి ఉంటుంది. నల్ల అంగీ, చేతిలో లిల్లీ పువ్వు, బుగ్గల మీద కాస్త ఎక్కువైన ఎరుపు. ఆయన పెద్ద జమీందారు ఇంట పుట్టిన కుర్రవాడు. ఆస్తి హక్కంతా తమ్ముడికి రాసిచ్చి మఠంలో చేరాడు. ఊళ్ళో మహమ్మారి వస్తే రోగుల్ని తన చేతులతో మోశాడు. అదే జబ్బు తగిలి, ఇంకా ముప్పై రాకముందే చనిపోయాడు. జూన్ నెలలో ఆయన పండుగ. ఆ రోజు మొదటి మాల మా ఇంటిది. ఇంట్లో చిన్నపిల్ల ఇత్తడి పళ్ళెంలో మాల పెట్టుకుని నడిమి దారిన బలిపీఠం దాకా నడుస్తుంది. అందరూ లేచి నిలబడతారు.

ప్రసంగంలో ఫాదర్ ప్రతి ఏడూ ఆ యువకుడు ఆస్తి వదిలిన ఘట్టానికి వచ్చి, మా వైపు చూసి, "ఈ ఇంటివాళ్ళకి ఇది బాగా అర్థమౌతుంది" అనేవారు. జనం సన్నగా నవ్వేవాళ్ళు. మా అమ్మ వీపు బెంచీకి తగలకుండా కూర్చునేది. ఆ యువకుడు ఆస్తిని వదిలేశాడు. మమ్మల్ని ఆస్తి వదిలేసింది. ఈ తేడా తెలియనంత అమాయకుడు కాదు ఫాదర్.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఆదివారం పాఠాలు చెప్పడానికి ఒక కొత్త కన్యాస్త్రీ వచ్చారు. చక్కగా పాడేవారు, పిల్లలతో తాడాట ఆడేవారు. పిల్లలకు పిల్లల్లాంటి పునీతులే ఆదర్శం కావాలి, పవిత్రతకు పెద్ద పనులు అక్కర్లేదు, రోజూ చేసే చిన్న పనులు ప్రేమతో చేస్తే చాలు అనేవారు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆవిడకు బాగా ఇష్టమైన పునీతురాలు పదిహేనేళ్ళకే మఠంలో చేరి, యవ్వనంలోనే క్షయతో పోయిన ఒక ఫ్రెంచి పిల్ల. ఆ పిల్ల చిన్నప్పుడు వాడిందని చెప్పి, ఆవిడ ప్రతి ఒక్కరికీ ఒక పూసల తాడు కట్టి ఇచ్చారు. మందపాటి దారం, పది తెల్లపూసలు, చివర చిన్న సిలువ. పూసలు బిగుతుగా ఉంటాయి, లాగినచోటే నిలుస్తాయి. ఒక చిన్న త్యాగం చేసినప్పుడల్లా ఒక పూస కిందికి లాగాలి. ఎదురు చెప్పకుండా ఊరుకుంటే ఒక పూస. తలనొప్పి ఓర్చుకుంటే ఒక పూస.

మా చెల్లెలికి అప్పుడు పదమూడేళ్ళు. నాకంటే బాగా చిన్నది. తాడు లంగా బొందుకు కట్టుకుని తిరిగేది.

"ఈ పొద్దు ఉప్మా వద్దన్నావంట, దానికి పూసా?" అని అడిగాను.

"ఉప్మా నాకిష్టం లేదు కదన్నా. వద్దంటే త్యాగం కాదు, తింటేనే త్యాగం."

"అయితే తిన్నావా?"

"చెప్పకూడదు. చెప్తే ఆ పూస చెల్లదు. సిస్టర్ చెప్పినారు."

ఆ షరతు విని నేను నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. మా ఇంటికి అది కొత్త పాఠమేమీ కాదు. కష్టం బయట చెప్పుకోకూడదన్నది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న నియమమే. దానికిప్పుడు పూసలు కట్టి, సిలువ తగిలించి, చర్చి తిరిగి ఇచ్చింది.

ఆ జూన్‌లో పండుగ దగ్గరపడుతుండగా చెల్లెలు అన్నం తగ్గించింది. పండుగకు ఉపవాసమేమో అనుకున్నాం. పొద్దున లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుని లేస్తోంది. అమ్మ అడిగింది.

"ఏంది పాపా, కడుపు నొస్తా ఉండాదా?"

"లేదుమా."

"మరి ఏందట్ట వంగినావు?"

"సుమ్మానే, ఊరికినే."

పండుగ రోజు పొద్దున తెల్ల గౌను వేసి, తల దువ్వి, పళ్ళెం చేతికిచ్చేటప్పుడు అమ్మ దాని వీపు మీద అరచెయ్యి పెట్టి చెప్పింది: "నడుము నిటారుగా పెట్టు. అందరూ చూస్తారు. మనింటోళ్ళు వంగి నడవరు."

అది నిటారుగానే నడిచింది. చర్చి అంతా లేచి నిలబడింది. మల్లెలూ లిల్లీలూ కలిపి కట్టిన మాల ఆ పళ్ళెంలో అణువంతైనా కదలలేదు. పళ్ళెం ఫాదర్‌కి అందించి, మోకరించి లేచి, పక్క తలుపు గుండా బయటికి వచ్చి మెట్ల మీద పడిపోయింది. నేను ఎత్తుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అది అరిచింది. అంతవరకు ఏ మనిషి గొంతులోనూ ఆ అరుపు నేను వినలేదు. ఆటో అతను భయపడి బండి పక్కకు తీసి ఆపేశాడు. అమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, మధ్యలో ఆగి, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది.

అపెండిక్స్ పగిలి కడుపంతా చీము పట్టింది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బయటికి వచ్చి తమిళంలో అడిగింది, నొప్పి ఎన్నాళ్ళుగా ఉందని.

"నిన్నటిదాకా బాగానే ఉన్నింది" అంది అమ్మ.

"బాగా ఉన్నది ఇట్లా పగలదమ్మా. ఈ పిల్ల రోజుల తరబడి ఓర్చుకుంది. ఎందుకు?"

లోపలి నుంచి నర్సు ఒక గాజుగుడ్డ మూట తెచ్చి ఇచ్చింది. అందులో పూసల తాడు ఉంది. ఒక్క పూస తప్ప అన్నీ కిందికి లాగి ఉన్నాయి.

కడుపులోంచి ఒక గొట్టం వేలాడుతుండగా అది మంచంలో పడుకుంది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కింది. నర్సు వచ్చి యాడ నొప్పి అని అడిగితే తల అడ్డంగా ఊపేది. డాక్టరమ్మ కడుపు మీద వేళ్ళు పెట్టి నొక్కితే పళ్ళు బిగించి పైకప్పు చూసేది.

"లోపల ఇంకోచోట చీము చేరుతోందేమోనని నా అనుమానం. ఆ చోటు పిల్ల చెప్తే తొందరగా తెలుస్తుంది. నోరు మూసుకుంటే నేను వెతుక్కుంటూ కూర్చోవాలి. అంత టైము లేదు" అంది డాక్టరమ్మ నాతో.

నేను బతిమాలాను, కోప్పడ్డాను. "నాకేం లేదన్నా" అంది. పెదాలు పగిలి ఉన్నాయి. చేతి వేళ్ళు నడుము దగ్గర దుప్పటిని పూసలాగా పట్టుకుని కిందికి లాగుతున్నాయి. అప్పుడు నాకు ఆ తాడు కట్టిన చేతుల మీద వచ్చినంత కోపం, మా పొలాలు మింగినవాళ్ళ మీద కూడా ఎన్నడూ రాలేదు.

ఆ సాయంత్రం ఫాదరూ, సిస్టరూ ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చారు. సిస్టర్ మంచం పక్కన నిలబడి ఏడ్చారు. ఫాదర్ ప్రార్థన చేసి, వార్డులోని మిగతా మంచాలకు కూడా వినబడేలా అన్నారు.

"ఈ బిడ్డని చూడండి. ఇంత బాధలో ఒక్క మాట నోట రాలేదు. మన కాలంలో పునీతులు ఎక్కడున్నారని అడుగుతారు. ఇదిగో, ఇక్కడున్నారు."

పక్క మంచం ముసలామె చేతులు జోడించింది. చెల్లెలి మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూశాక నాకు అర్థమైంది. ఇక దాని నోటినుంచి మాట రాదు.

అప్పుడు అమ్మ లేచింది. చీర కొంగు సర్దుకుంది. ఫ్రెంచి మదర్ల బడిలో చదువుకున్న మనిషి. ఆ పునీతురాలి కథ కన్యాస్త్రీ కంటే ముందే విని ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

"ఫాదర్, ఒక మాట. ఆ ఫ్రెంచి పిల్ల, తనని మఠంలో చేర్చుకోమని పోపుగారిని అడగడానికి రోముకి పోయింది కదా, వాళ్ళ నాయనతో?"

"అవునమ్మా."

"పోపుగారి ముందర ఎవరూ మాట్లాడకూడదని కట్టడి చేసినారు. చేసినారా లేదా?"

"చేశారు."

"ఆ పిల్ల ఊరుకున్నిందా?"

ఫాదర్ నవ్వారు. "అది వేరే సందర్భమమ్మా."

"ఆయన మోకాళ్ళు పట్టుకుని మాట్లాడింది. కాపలావాళ్ళు లేవదీసుకు పోయేదాకా వదల్లేదు. మా మదర్లు మాకు ఆ కథ కూడా చెప్పినారు. మీరెందుకు చెప్పలేదు పిల్లోళ్ళకి?"

ఫాదర్ సిస్టర్ వైపు చూశారు. సిస్టర్ నేల చూశారు. ఆ పునీతురాలు ఓర్చుకోవడం అబద్ధం కాదు, నోరు విప్పడమూ అబద్ధం కాదు. రెండూ ఆ పిల్లవే. మా పిల్లల చేతికి మాత్రం పెద్దవాళ్ళకు సులువుగా ఉండే సగమే వచ్చింది.

అమ్మ మంచం దగ్గరికి వంగింది. ఆవిడ అట్లా వంగడం నేను ఎక్కువసార్లు చూడలేదు. "పాపా, నీ పూసలన్నీ చెల్లినాయి. ఇంకేం లాగొద్దు. చెప్పు, యాడ?"

దాని చెయ్యి దుప్పటి కింద జరిగి ఎడమ పక్కకు, పక్కటెముకల కిందికి పోయింది.

"ఈడ. శానా నొస్తా ఉండాదిమా. ఊపిరి పీలిస్తే ఇంకా."

అది చెప్పినచోటే చీము ఉంది. మళ్ళీ కోశారు. బతికింది. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ అమ్మను వరండాలోకి పిలిచి, లోపల పేగులూ గర్భసంచీ అతుక్కుపోయాయనీ, పెద్దయ్యాక పిల్లలు పుట్టడం కష్టం కావచ్చనీ చెప్పింది. అమ్మ తల ఊపి, థాంక్స్ చెప్పి, నిటారుగా నడిచి వచ్చింది.

మరుసటి జూన్‌లో మళ్ళీ పండుగ వచ్చింది. మాల కట్టించాం. చెల్లెలు తెల్ల గౌను వేసుకుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరి మధ్య కూర్చుంది. ప్రసంగం తర్వాత నడవాలి. ఫాదర్ ఆ యువ పునీతుడి కథ చెప్పి, ఆస్తి వదిలిన ఘట్టం దగ్గర ఈసారి ఆగలేదు. ఆయనకు అంతకంటే మంచి కథ దొరికింది.

"పోయిన ఏడు ఇదే పండుగనాడు, మన పిల్ల ఒకతె, ప్రాణం పోయే బాధతో ఈ దారిన నడిచింది. ఆసుపత్రికి పోయేదాకా ఒక్కసారి కూడా అరవలేదు."

"అరిచినాను, ఫాదర్."

తమిళంలో అంది, గొంతు పెంచకుండా. తరగతిలో హాజరు పలికినట్టు అంది. ముందు బెంచీలు వెనక్కి తిరిగాయి.

"ఆటోలో అరిచినాను. ఆసుపత్రిలో కూడా నొస్తా ఉండాదని చెప్పినాను. చెప్పినందుకే బతికినాను."

ఫాదర్ చిరునవ్వుతో జనం వైపు తిరిగి, "చూశారా, తన గొప్పతనం తను ఒప్పుకోదు. ఎంత వినయం" అన్నారు. జనం తలలు ఊపారు.

అది నా వైపు చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు. చెప్పినా చెల్లని మాట ఒకటి ఉంటుందని దానికి ఆ రోజు తెలిసింది. పదమూడేళ్ళకు నొప్పి, పద్నాలుగేళ్ళకు ఇది.

పాట మొదలైంది. చర్చి అంతా లేచి నిలబడి నడిమి దారి వైపు చూసింది. చెల్లెలు లేవలేదు. "నేను పోనుమా. మచ్చ నొస్తా ఉండాది" అంది. నొప్పి నిజమో కాదో నేను అడగలేదు. అమ్మ దాని ఒళ్ళోంచి పళ్ళెం తీసుకుంది. తనే నడుస్తుందేమోననుకున్నాను. అమ్మ పళ్ళెం నడుముకు ఆనించి పట్టుకుని, దాని చెయ్యి పట్టుకుని, పక్క తలుపు వైపు తిరిగింది. నేను వెనకే నడిచాను. పాట రెండో చరణం దాకా వచ్చి, మాల రాక, మొదటికి వెళ్ళింది.

బయట మెట్ల దగ్గర మా వీధి అక్క ఒకామె పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. పక్కామెతో మాకు వినబడేలానే అంది: "పొలాలు పోయినాయి, పొగరు మాత్రం యాడికీ పోలేదు."

"యాడికి పోతాదక్కా, ఉండేది అదొక్కటే" అంది అమ్మ, నడక ఆపకుండా.

ఆ తర్వాతి ఏడు నుంచి మొదటి మాల ఏ ఇంటిదీ కాదని ఫాదర్ ప్రకటించారు. సిస్టర్‌ని ఇంకో ఊరికి మార్చారు. ఆమె స్థానంలో వచ్చినావిడ కూడా పిల్లలకు పూసల తాళ్ళు కడుతున్నారని విన్నాను. ఆ పండుగ రోజు వెనక్కి తెచ్చిన మాలను అమ్మ ఇంట్లో మా నాయన ఫోటోకు వేసింది. ఫోటోకు అది చాలా పెద్దదై, కిందికి జారి, పంపుల దుకాణంవాళ్ళు మా వరండాలో పేర్చిన పెట్టెల మీద పడి, సాయంత్రానికి వాడిపోయింది.