అత్తమ్మ కాలి కింది బ్రేకు

మా అత్తమ్మ ఏ బండెక్కినా కుడికాలితో బ్రేకు తొక్కుతుంది. కారులో డ్రైవరు పక్కన కూర్చున్నా, ఆటోలో వెనక కూర్చున్నా అంతే. ఆఖరికి కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు కిందికి దిగుతున్నప్పుడు కూడా చూశాను, కాలి బొటనవేలు నేలకి అదిమిపెట్టి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె ఎక్కిన బస్సుకి ఘాట్ రోడ్డు దిగుతుండగా బ్రేకులు పోయాయట. డ్రైవరు బస్సును కొండకి రాసుకునేలా పోనిచ్చి ఎలాగో ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి ఆమె కాలు ఎవరినీ నమ్మడం మానేసింది. "మీరే తొక్కుతుంటే ఇంక డ్రైవరుకి పనేముంది అత్తమ్మా" అని మేం ఏడిపిస్తుంటాం. ఆమె నవ్వుతుంది, కాలు మాత్రం తియ్యదు.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి నేను రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు తెచ్చాను. మా ఆయనకి కారంటే ఏసీ, అంతకు మించి ఆసక్తి లేదు. చుట్టాలైతే కడప నుంచి ఫోన్లు చేసి మరీ ఆశ్చర్యపోయారు, నలభై దాటిన ఆడదానికి ఇదేం సరదా అని. అప్పుడు అత్తమ్మే ఫోను లాక్కుని, "ఆమె సంపాదన, ఆమె ఇష్టం. మీకేమొచ్చింది నొప్పి?" అని కసిరింది. ఆ ఒక్క మాటతో అందరూ నోళ్ళు మూసుకున్నారు. నాకు ఈ ఇంట్లో దొరికిన పెద్ద బలం ఆ మాటే.

మూణ్ణెల్లకో నాలుగు నెలలకో చెన్నై దగ్గరి రేస్ ట్రాక్‌కి ఆ కారు తీసుకెళ్తాను. పోటీలకి కాదు, నాలాంటి పిచ్చివాళ్ళు కొందరు చేరి రోజంతా తిరుగుతాం. ఎందుకని అడిగేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను గానీ, నిజం ఇది. హైటెక్ సిటీలో నా ఉద్యోగమంతా "చూద్దాం", "వచ్చే వారం మాట్లాడుకుందాం" అనే మాటల మీద నడుస్తుంది. ట్రాక్ మీద మలుపు దగ్గర నేను తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో ఆ క్షణమే తేలిపోతుంది. నాకది కావాలి. అది లేకపోతే నేను ఇంట్లో ఇంకా ఎక్కువ అరుస్తాను.

ఒకసారి ట్రాక్ నుంచి వచ్చాక బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణకడం మొదలైంది. మా వెనక వీధి షెడ్డులో బోరబండ నుంచి వచ్చే మెకానిక్ ముందు చక్రం విప్పి, దాని వెనకుండే ఇనప పళ్ళెంలాంటి బ్రేకు డిస్కు మీద టార్చి వేశాడు. దాని నిండా అందంగా చిల్లులుంటాయి. ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకి సన్నటి గీత. "గోరు ఆగుతున్నది చూడుండ్రి మేడం. ఇగ ఇది పనికిరాదు," అన్నాడు. కొత్తవి వచ్చేదాకా కారు కదపొద్దన్నాడు. నేను ఆ పాత డిస్కును మా ఆయనకి చూపించాలని ఇంటికి తెచ్చాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మా ఆయన చూడకముందే అత్తమ్మ చూసింది. కళ్ళజోడు పెట్టుకుని ఆ గీత మీద గోరు పెట్టి లాగింది.

"ఏమ్మా, దీంతోనేనా నువ్వు అంత స్పీడుగా తిరిగొచ్చింది?"

"చిన్న గీత అత్తమ్మా. మార్చేస్తే సరిపోతుంది."

"గోరు దిగుతాంది. చిన్న గీతంట!" ఆమె డిస్కును నా వైపు నెట్టింది. "అమ్మెయ్ ఆ కారు. నేను వద్దని ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "కొత్తవి వేయిస్తాను, మీరే ఎక్కి చూడండి" అన్నాను విసురుగా. ఆమె వెంటనే పట్టుకుంది. "సరే, ఎక్కుతా. నాకు భయం కాలేదంటే నీ ఇష్టం. భయమైతే మాత్రం అమ్మెయ్యాల." ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గానీ గుర్తు రాలేదు, లిఫ్టులో కూడా బ్రేకు తొక్కే మనిషితో పందెం కాశానని.

డిస్కు ఎంచుకోవడం అంతకు ముందు నాకు చీరల కొట్లో కూర్చున్నంత సరదా. ఈసారి అలా లేదు. ట్రాక్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరి గోల వాళ్ళది. మళ్ళీ చిల్లులవే వెయ్యమని ఒకరు, చక్రం సందుల్లోంచి అవి కనబడితేనే కారుకి కళ అని ఆయన వాదన. గాడులున్నవి వెయ్యమని ఇంకొకరు, అవి డిస్కును నొక్కి ఆపే ప్యాడ్ల పొడిని ఊడ్చేస్తాయి కానీ ప్యాడ్లను తినేస్తాయి, చప్పుడు కూడా చేస్తాయి. మధ్య భాగం అల్యూమినియంతో ఉండే తేలికపాటివైతే విదేశాల నుంచి రావాలి. ఏమీ లేని నున్నటి డిస్కు వేస్తే ఎలా ఉంటుందని నేనడిగితే, "క్యాబ్ నడుపుతావా ఏంటి?" అని నవ్వే బొమ్మలు పంపారు.

వంటింట్లో కూరగాయలు తరుగుతూ అత్తమ్మ అడిగింది, "వీటిల్లో ఏది బాగా ఆపుతుంది?" అని. ఒక్కసారి ఆపమంటే అన్నీ ఆపుతాయి. డిస్కు అసలు పని వేడిని మింగడం. ట్రాక్ మీద ఊపిరి తీసుకోనివ్వకుండా తొక్కుతూ పోతే, చివరి రౌండులో కూడా మొదటి రౌండులో ఆపినట్టే ఆపుతుందా అన్నదే లెక్క. దానికి కావలసింది అందం కాదు, ఒంట్లో దండిగా ఇనుము. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. ఇన్నాళ్ళూ ఏది బాగా పనిచేస్తుందని వెతికాను తప్ప, చెడిపోయేటప్పుడు ఎలా చెడిపోతుందని ఎప్పుడూ అడగలేదు. చిల్లులది లోలోపల చీలుతూ వస్తుంది. నున్నటిది బరువెక్కువే, కానీ దానికి అలా చీలడానికి చిల్లులే లేవు. అలసిపోతే ముందుగా మాడు వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది, చెప్పి మరీ చెడిపోతుంది. పక్క సీట్లో అత్తమ్మ ఉంటే ఏది వేస్తానని నన్ను నేను అడుక్కున్నాను. పొద్దున్నే నాలుగు చక్రాలకీ నున్నటివి ఆర్డరు చేశాను.

అవి దసరాకి ముందు వచ్చాయి. మా ఇంట్లో ఆయుధ పూజంటే లాప్‌టాపులు, మిక్సీ, కత్తిపీట, కారు తాళాలు అన్నీ దేవుడి ముందు చేరతాయి. తళతళలాడే డిస్కులు కూడా ఆ వరసలో ఉన్నాయి. అత్తమ్మ దీపంలో నూనె పోసి, అదే చేత్తో గంధం అద్దుకుని డిస్కు నున్నటి ముఖం మీదికి వేలు తెచ్చింది.

"అక్కడొద్దు!" అని ఇల్లదిరేలా అరిచాను.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పండగ పూట ముఖం చిన్నబోయింది. నాకు చాలా బాధేసింది. పక్కన కూర్చుని చెప్పాను, "నూనె తగిలితే అక్కడ ప్యాడు పట్టదు అత్తమ్మా, జారుతుంది. ఇదిగో, ఈ మధ్య భాగాన్ని ప్యాడు తాకదు, ఇక్కడ పెట్టండి." ఆమె చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి, నేను చూపించిన చోటే జాగ్రత్తగా బొట్టు పెట్టింది. నాలుగు డిస్కులకీ.

డిస్కులు వేయించాక ఆ ఆదివారం తెల్లవారగానే ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను. కోకాపేట దాటాక, టవర్లు ఇంకా సగంలోనే ఉన్న చోట, జనం లేని వెడల్పాటి కొత్త రోడ్డుంది. కొత్త డిస్కుల్ని వాడకానికి అలవాటు చెయ్యాలంటే కాస్త వేగం అందుకుని, గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకుండా వదిలెయ్యాలి. అలా పదేపదే. తర్వాత చల్లారనివ్వాలి. "కొత్త దోసె పెనాన్ని కాల్చి, నూనె రాసి, ఆరబెడతాం కదా, అలాగన్నమాట. ఇదీ పోత ఇనుమే," అన్నాను. "దీనికి నూనె వద్దంటివే," అంది. నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత నవ్వు రాలేదు. నేను తొక్కిన ప్రతిసారీ ఆమె కుడికాలు కూడా నేలను తొక్కింది. ఒక చెయ్యి తలుపు పిడి మీద, ఒక చెయ్యి మంగళసూత్రం మీద. పందెం ఓడిపోయానని అర్థమైంది. కారు అమ్మకానికి పెడుతూ ఏం రాయాలా అని కూడా మనసులో అనుకున్నాను.

డిస్కులు చల్లారేందుకు నెమ్మదిగా నడుపుతూ వెనక్కి తిరిగాను. దారిలో ఆమే అంది, "అన్నిసార్లు తొక్కితివి. కడాకు కూడా ముందు మాదిరే ఆగిందే." నేను తలూపాను. కొత్తగూడ దగ్గరికి వచ్చేసరికి ఆమె పిడి వదిలేసి, సంచిలో కళ్ళజోడు పెట్టె వెతుక్కుంటోంది. అప్పుడే ఎడమ వైపు నుంచి ఒక డెలివరీ బైకు అడ్డంగా దూరింది. గట్టిగా తొక్కాను. కారు నిటారుగా, గీసినట్టు ఆగింది. నా చూపు ముందుగా ఆమె పాదం మీదికే పోయింది.

అది కదల్లేదు. చెప్పు లోంచి సగం బయటికొచ్చి, తీరిగ్గా పక్కకి వాలి ఉంది.

ఆమె అద్దం దించి, "కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా నాయనా! ముందు చూసుకుని పో!" అని ఆ బైకు అబ్బాయిని తిట్టి, మళ్ళీ సంచిలో తల దూర్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పార్కింగ్‌లో దిగుతూ, "మళ్ళీ ఎప్పుడు పోతాండావు చెన్నైకి?" అని అడిగింది. వచ్చే నెల అన్నాను. "ముందుగా చెప్పు. దారికి పులిహోర చేసిస్తా," అంది. లిఫ్టులో ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఆమె కాలి సంగతి ఆమెకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పానంటే మళ్ళీ తొక్కడం మొదలుపెడుతుంది.