తలుపు వైపు చూసే గొర్రెల కాపరి

మా కొండ ఊరు మోంతెకూపోకి వచ్చిన యాత్రికులందరూ చేసిన పొరపాటు ఒకటే. మూడు వందల మెట్లు రొప్పుకుంటూ ఎక్కి పై చర్చి దాకా వెళ్ళి, తలుపుకి తాళం చూసి ఉసూరుమనేవారు. తలుపు మీద ఓ చీటీ ఉండేది: ‘తాళంచెవి ఎర్సీలియా దగ్గర.’ ఏ ఎర్సీలియా, ఏ ఇల్లు అన్నది రాసి ఉండేది కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి రాయడం ఎందుకు? పాపం వాళ్ళు మళ్ళీ సగం మెట్లు దిగి నా కిరాణా కొట్టుకొచ్చి అడిగేవారు. నేను ముందు వాళ్ళచేత ఓ బాదం బిస్కెట్ల డబ్బా కొనిపించి, తర్వాత ఎదురింటి గంట చూపించేదాన్ని. నేనేం అంత అమాయకురాల్ని కాను.

ఆ ఎర్సీలియా మా అమ్మ చెల్లెలు, నాకు పిన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళప్పుడు ఫాదర్ దగ్గర ఆ తాళంచెవి అడిగి పుచ్చుకుంది. అరచేతికంటే పొడుగు, ఇనుపది. పొద్దున లేచి ఏప్రాను కట్టుకోగానే దాన్ని జేబులో వేసుకునేది. భోజనాల వేళ గంట కొట్టినా, జ్వరంతో పడుకుని ఉండగా కొట్టినా తిట్టుకుంటూ వెళ్ళి తలుపు తీసేది. “మీ దేశంలో జనం అన్నాలు తినరా?” అని వాళ్ళకి అర్థం కాని భాషలో కసిరేది. భుజాలు కనబడే గౌనుతో ఎవరైనా వస్తే తన శాలువా తీసి కప్పేది. కప్పడమంటే ప్రేమగా అనుకునేరు, గోనెసంచి మూతి కట్టినట్టు కట్టేసేది.

చర్చిలో ఉన్నది ఒక్కటే గోడబొమ్మ. పసిబిడ్డ యేసు చుట్టూ కాపరులు. గీసినాయన పోయి ఐదు వందల ఏళ్ళు దాటింది, కానీ మేం ఇప్పటికీ పక్కింటాయన గురించి చెప్పినట్టు ‘మాస్టారు’ అనే అంటాం. కుడివైపు చివర మోకాళ్ళ మీద ఓ కుర్ర కాపరి ఉంటాడు. అందరూ బిడ్డను చూస్తుంటే వీడొక్కడే మొహం తిప్పి తలుపు వైపు చూస్తుంటాడు. ఆ చూపు గురించి పుస్తకాలు రాశారు. అనంతంలోకి చూస్తున్నాడన్నారు, మృత్యువును ముందే చూశాడన్నారు. ఆ మొహం చూడ్డానికే బస్సుల కొద్దీ జనం వచ్చేవారు. నేనూ ఆ మొహాన్నే నా బిస్కెట్ల డబ్బా మీద వేయించాను. బంగారంలా అమ్ముడుపోయేది.

పిన్నికి డెబ్బై ఎనిమిదేళ్ళప్పుడు సిటీ నుంచి బెనెదెత్తా అనే పిల్ల వచ్చింది. మా దగ్గర నాలుగు పుస్తకాలు చదివితే చాలు డాక్టరు అనేస్తాం. ఈ డాక్టరమ్మ మందులిచ్చేది కాదు, గోడబొమ్మలు బాగుచేసేది. ఆర్నెల్లు గోడకి ముక్కు ఆనించి చూసింది. చివరికి తేల్చింది: గోడ చెమ్మగిల్లుతోంది, ఈ కాపరి మొహం నిలవదు. బట్టకి జిగురు పూసి అతికించి, రంగు పొర ఊడదీసి సిటీ మ్యూజియంలో పెడతారట. ఇక్కడ నకలు గీసి పెడతారట.

మేయరు ఎగిరి గంతేశాడు. చర్చి పైకప్పు వాళ్ళే వేయిస్తారు, మ్యూజియంలో మా ఊరి పేరు చెక్కిస్తారు. నాకా, మ్యూజియం వాళ్ళ నుంచి ఏకంగా రెండు వేల డబ్బాల ఆర్డరు. ఊరంతా పండగ. పిన్ని ఒక్కతే ఆ వారం ఎవరితోనూ పోట్లాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు మొహం ఊడదీస్తారనగా ముందురోజు పొద్దున పిన్ని నా కొట్టుకి వచ్చింది.

“ఒసేయ్ ఇర్మా, తలుపెయ్యి.”

“ఇంకా పన్నెండన్నా కాలేదు పిన్నీ.”

“వెయ్యమన్నానా!”

వేశాను. బల్ల మీద డబ్బా తీసి మొహం మీద వేలు పెట్టింది. “ఇదెవరు?”

“అదేం ప్రశ్న? మాస్టారి కాపరి.”

“మాస్టారి కాపరా, నీ మొహమా! ఇతను ఫోస్కో.”

చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏడు కొండ మీద ఫిరంగి గుండు పడి గోడ అదిరి, కాపరి తల పెచ్చులుగా రాలిపోయిందట. గోడకి ఇసుక బస్తాలు వేయించమని ఫాదర్ ఎలీజియోకి ఎప్పుడో చెప్పారట. ఆయన బద్ధకించాడు. ఆ తప్పు బయటపడుతుందని తొమ్మిదేళ్ళు దాని ముందు తెర కట్టి దాచాడు. తర్వాత ఓ చలికాలం గుట్టుచప్పుడు కాకుండా ఓ ముసలి చిత్రకారుణ్ణి పిలిపించాడు. ఆయన వెంట సున్నం కలిపే కుర్రాడు ఫోస్కో. కింది ఊరి అనాథ శరణాలయంలో పెరిగినవాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. తడి సున్నం పూసేదీ అతనే, పూసి, కాపరి మొహానికి నమూనాగా ముందు కూర్చునేదీ అతనే.

“మధ్యాహ్నం సూపు పట్టుకెళ్ళేది నేను,” అంది పిన్ని. “బిడ్డను చూడరా, బిడ్డను చూడరా అని ముసలాయన మొత్తుకునేవాడు. ఇతను తలుపు వైపే. ఆయన విసిగిపోయి అలాగే గీసి పారేశాడు.”

“అనంతంలోకి చూస్తున్నాడని రాశారు కదే పిన్నీ!”

“అనంతం లేదు, నా చట్టుబండలూ లేదు. నా చిక్కుడుగింజల సూపులోకి చూస్తున్నాడు.”

పడీ పడీ నవ్వాను. తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏప్రాను కొసతో కళ్ళు తుడుచుకుంది.

“మరి ఊళ్ళో ఎవరూ పోల్చుకోలేదా?”

“సున్నం వేసేవాడి మొహం ఎవరు చూస్తారే? చేతులు చూస్తారు. గోడలు పాడుచేస్తాడేమోనని.”

పనైపోయాక అతనికి మా ఊళ్ళో బతుకుతెరువు లేదు. ఆ రోజుల్లో బెల్జియం బొగ్గుగనులకి మగాళ్ళని బస్సుల్లో ఎక్కించుకుపోయేవారు. ఫోస్కో పేరు రాయించుకున్నాడు. చౌకులో బస్సు దగ్గర నిలబడి, “ఎర్సీలియా, ఏమంటావు?” అని అడిగాడట.

“వెళ్ళొద్దు అని ఒక్క మాటంటే ఆగిపోయేవాడు,” అంది. “ఆ ఒక్క మాట కోసమే అడిగాడు. నాకేమో రోషం. అడిగితే గానీ తెలీదా ఈయనకి అనుకున్నాను. ‘నీ ఇష్టం’ అన్నాను. ఎక్కేశాడు.”

మరుసటి ఏడు గని కూలింది. శవం కూడా పైకి రాలేదు. పిన్ని దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇరవై రెండేళ్ళ ఆ మనిషి ఈ లోకంలో ఉన్నాడనడానికి ఉన్నది ఆ గోడ మీది జానెడు మొహమే. అందుకని వెళ్ళి ఫాదర్‌ని తాళంచెవి అడిగింది. ఆయన కిక్కురుమనకుండా ఇచ్చేశాడు. ఆయన గుట్టు పిన్నికి తెలుసు మరి.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“చెబితే చెరిపేస్తారే! తర్వాతి వాళ్ళు వేసిన అతుకు మాస్టారి బొమ్మలో ఉండకూడదట, గీకేసి ఆ ఖాళీలో ఉత్త గీతలు గీస్తారట. డాక్టరమ్మే చెప్పింది. చెబితే చెరుపుతారు, చెప్పకపోతే తీసుకుపోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

నేను ఆ క్షణంలో ఏమాలోచించానో దాచను. రెండు వేల డబ్బాలు ఆలోచించాను.

“పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో. అక్కడ అద్దాల గదిలో మహారాజులా ఉంటాడు. నెలకోసారి నేనే నిన్ను కారులో తీసుకెళ్తాను.”

“నువ్వా? మీ అమ్మ సమాధికే ఏడాదికోసారి పోతావు, అదీ వాన లేకపోతే.”

తలుపు తనే తీసుకుని వెళ్ళిపోయింది. నేను డబ్బాలు సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున చర్చిలో సగం ఊరుంది. మూల పొయ్యి మీద జిగురు ఉడుకుతోంది. పిన్ని తన మంచి నల్లకోటు వేసుకొచ్చి గోడ పక్కనే నిలబడింది. నేను ఆవిడ వైపు కళ్ళురిమి చూస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ జనానికి ఓపిగ్గా అన్నీ చూపిస్తోంది.

“ఇదిగో, కాపరి చెంప పక్కన, ఈ గొర్రె కొమ్ము దగ్గర చూడండి. బొటనవేలి ముద్ర. ఆ రోజు పని ముగించాక మాస్టారు తడి సున్నంలో నొక్కిన ముద్ర ఇది. దీని మీద నేనో పెద్ద వ్యాసం రాశాను.”

జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. పనివాడు బట్ట జిగురులో ముంచాడు. ముంచి, కాపరి మొహం మీదకి ఎత్తాడు.

“వెళ్ళొద్దు,” అంది పిన్ని.

డాక్టరమ్మతో అనలేదు, మేయరుతో అనలేదు. ఆ మొహాన్ని చూస్తూ అంది. చిన్నగానే అంది కానీ చర్చి కదా, అందరికీ వినబడింది.

“ఏంటి పెద్దమ్మా?” అంది డాక్టరమ్మ.

పిన్ని చెయ్యి చాపి ఆ ముద్రలో తన బొటనవేలు పెట్టింది. సరిగ్గా పట్టింది. “ఇది మాస్టారి వేలు కాదు తల్లీ, నాది. ఈ సున్నం పూసిన ఫోస్కో, అది పచ్చిగా ఉండగానే నా చెయ్యి పట్టుకుని నొక్కించాడు. ఈ మొహం అతనిదే.”

డాక్టరమ్మ వంగి భూతద్దంలో ఆ వేలూ, ఆ గుంటా ఎంతసేపు చూసిందో. మాస్టారికి ఇంత చిన్న వేలేమిటని తనకీ ఎక్కడో సందేహం ఉండే ఉంటుంది. లేచేసరికి మొహం పాలిపోయింది.

“మీరు చెప్పింది నిజమైతే రూలు ప్రకారం ఇది చెరిపెయ్యాలి. తెలుసా మీకు?”

“తెలుసు. చెరిపితే ఇక్కడే చెరపండి. ఎక్కడికీ తీసుకుపోకండి. ఒకసారి తీసుకుపోయారు, చాలు.”

ఆ అమ్మాయి బెంచీ మీద కూలబడింది. జిగురు గడ్డకట్టింది.

తర్వాత పరీక్షలు చేశారు, నిజమే అన్నారు. మొహం మాకొద్దంది మ్యూజియం. చెరపడానికి ఎవరో సంతకం పెట్టాలట. ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి తిరిగి తిరిగి ఎక్కడో నిద్రపోయింది. పుస్తకాల్లో మాత్రం ‘ఆధునిక మరమ్మతు’ అని చేరిపోయింది. బస్సులు ఆగిపోయాయి. మేయరు పిన్ని ఎదురైతే రోడ్డు దాటిపోయేవాడు. నా డబ్బాలు అటకెక్కాయి. నేను నాలుగు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఎదురిల్లు, ఎదురు కిటికీ, అయినా మాట్లాడలేదు. అంత గట్టి మనిషిని.

ఓ చలికాలం మధ్యాహ్నం చూద్దును కదా, పిన్ని సూపు గిన్నెకి గుడ్డ చుట్టుకుని మెట్లెక్కుతోంది. మోకాళ్ళు పట్టుకుంటూ, ఆగుతూ. చర్చిలో తిండేమిటి, ఈ ముసల్దానికి మతి పోయిందని కేకలేద్దామని వెనకే వెళ్ళాను.

తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. అతను చూస్తున్న చోటే, సరిగ్గా ఆ చూపు ఆగే చోటే కూర్చుని సూపు తాగుతోంది.

“జనం ఉన్నన్నాళ్ళూ ఈ చోట ఎవరో ఒకళ్ళు నిలబడేవారే,” అంది నన్ను చూసి. “ఆయన నన్ను చూడ్డానికి వీల్లేకుండా. తలుపు తీసి నేను వారగా నిలబడేదాన్ని. ఇప్పుడు నా చోటు నాకొచ్చింది.”

కేకలేద్దామనే వెళ్ళాను కనుక ఏదో ఒకటి అనాలి కదా, చెంచా లాక్కుని ఓ గుక్క తాగి, “ఉప్పు తక్కువైంది,” అన్నాను.

“అతనూ అదే అనేవాడు,” అంది.

ఆ తర్వాత మూడు చలికాలాలు సూపు నేనే వండి పంపాను. ఉప్పు సరిగ్గానే వేశాను. ఆవిడ తిట్టింది, తక్కువ వెయ్యమని.

పోయిన ఫిబ్రవరిలో నిద్రలోనే పోయింది. తాళంచెవి ఏప్రాను జేబులో ఉంది. మా ఊళ్ళో శవపేటికను భుజాల మీద మోసుకుని పై చర్చి ముందు నుంచే శ్మశానానికి తీసుకెళ్తాం. ఆగడం ఆచారం కాదు. నేను ముందే వెళ్ళి తలుపు తీశాను. అరవై ఏళ్ళుగా ఆవిడ ఒక్క రెక్కే తీసేది, రెండోది బిగుసుకుపోయింది. కాలితో తన్ని తీశాను.

పేటిక గుమ్మం ముందుకి రాగానే ఆపమన్నాను. ఫాదర్ నా వైపు చిరాగ్గా చూశాడు, చూడనీ. లోపల గోడ మీద అతను ఎప్పటిలాగే తలుపు వైపు చూస్తున్నాడు. నాకు అరవై దాటాయి, అతనికి ఇరవై రెండు. ఏమని పిలవాలో ఒక్క క్షణం తోచలేదు. పిన్ని మనిషిని ఇంకేమంటాం?

“ఇదిగో బాబాయ్, వచ్చింది,” అన్నాను.

మోసేవాళ్ళు ఓ నిమిషం ఓపిక పట్టారు. తర్వాత ఒకడు భుజం మార్చుకుంటూ, “బరువుగా ఉందమ్మా ఇర్మా, ఇక వెళ్దామా? ఏమంటావు?” అన్నాడు.

నేను పేటిక అంచు పట్టుకుని ఇంకాసేపు వదల్లేదు.