ఎమ్మిగనూరులో ఇలోనా

ఇలోనాది హంగేరీ. బుడాపెస్టులో పెద్ద పెద్ద హాళ్లలో పియానో కచేరీలు చేసిన మనిషి. బట్టల మిల్లుల చదువుకని అక్కడికి వెళ్లిన ఎమ్మిగనూరు రాజశేఖర్‌ను ప్రేమించి పెళ్లాడింది. సొంత ఊళ్లో చేనేతకు పనికొచ్చేదేదైనా చేయాలని అతని కోరిక. ఆమె సరేనని పియానోతో సహా వచ్చేసింది.

అత్త రామమ్మకు కోడలి మాట తెలియదు, కోడలికి అత్త మాట తెలియదు. ముందు గదిలో అత్త మగ్గం, వెనక గదిలో కోడలి పియానో. "ఆ పెట్టె మోత ఆపమని సెప్పురా, తల పగిలిపోతాంది" అని రామమ్మ మొదట్లో కొడుకు మీద అరిచేది. ఏడాది తిరిగేసరికి పియానో వినబడని రోజు ఆమే మగ్గం దిగి వచ్చి, "ఏమ్మే, ఒళ్లు బాగలేదా?" అని కోడలి నుదురు పట్టి చూసేది. ఇలోనా తెలుగు నేర్చుకున్నది ఆమె దగ్గరే. అందుకే అచ్చం ఎమ్మిగనూరు మాట వచ్చింది.

బెంగళూరు, హైదరాబాదు, ముంబై, ఎక్కడ కచేరీ ఉన్నా, ఊరికి రైలు లేదు కాబట్టి ఇలోనా ఆదోనిలో రైలెక్కేది. అలా చాలా ఏళ్లు నడిచింది.

నాలుగేళ్ల కింద ముంబైలో కచేరీ ముగించుకుని భార్యాభర్తలు ఆదోనిలో దిగారు. బస్సు వెళ్లిపోయిందని రాజశేఖర్ ఆటో మాట్లాడాడు. దారిలో ఎద్దులబండి అడ్డమొచ్చి ఆటో బోల్తా పడింది. ఇలోనా ఎడమచేయి దాని కింద నలిగింది. కర్నూలులో డాక్టర్లు చేతిని నిలబెట్టారు గానీ వేళ్లు మూడు తీసేయాల్సి వచ్చింది. "ఆటో మాట్లాడింది నేనే గదా" అని రాజశేఖర్ ఆస్పత్రి వరండాలో కూర్చొని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి, పియానో మూత వేసి, పైన దుప్పటి కప్పింది.

మొన్న ఎండాకాలంలో రామమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం కోడల్ని పిలిచింది.

"ఒక్కతూరి వాయించు బిడ్డా. ఇని శానా దినాలాయె."

"సెయ్యి లేదు గదత్తా."

"ఉన్న సెయ్యితోనే వాయించు."

ఇలోనా దుప్పటి తీసింది. అత్తకు ఇష్టమైన పాటే కుడిచేత్తో మొదలుపెట్టింది. ఎడమచేయి అలవాటుకొద్దీ పైకి లేచి, మళ్లీ ఒళ్లో పడింది. కాసేపటికి వాయించడం ఆపి వెనక్కి తిరిగి చూస్తే, రామమ్మ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది.

"సాలు బిడ్డా. నేను అడక్కుండా ఉండాల్సింది."

ఆ వారంలోనే ఆమె పోయింది.

కర్మలయ్యాక రాజశేఖర్, "మీ దేశానికి పోదామా?" అని అడిగాడు.

"ఆడికి పోతే అందరూ నా సెయ్యే సూస్తారు. ఈడ నువ్వూ అదే సూస్తాండావు. నా మొగం సూసింది మీ అమ్మొక్కతే. ఇంగ యాడికని పోదాం?"

రాజశేఖర్ ఆమె ఎడమచేయి పట్టుకోబోయాడు. ఆమె దాన్ని కొంగు చాటుకు తీసుకుంది.