మామ్మ కొట్టిన మేకులు

ఆ చెయిన్ రంపం అసలు మాది కాదు, బాబాయిది. తుఫానుకి రోడ్ల మీద పడిన చెట్లు కోసే పని దొరికినప్పుడు ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఎవరో ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోసి నడిపారు. ఆ ఎవరో బాబాయేనని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం అనం. ఇంజిన్ పట్టేసింది. రెండేళ్ళుగా పశువుల పాకలో దాణా బస్తాల వెనక పడి ఉంది.

ఈ వేసవిలో గాలివానకి కోటవురట్ల వైపున్న మా జీడితోటలో పనసచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. నాన్న పెళ్ళయిన ఏడాది మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ, తన చేతులతో నాటిన చెట్టది. దాన్ని పలకలుగా కోయించి వెనక గదికి తలుపు చేయిద్దామని నాన్న నర్సీపట్నంలో కోత మిల్లుకి వెళ్ళాడు. మిల్లాయన ముందు అడిగిన మాట, దుంగలో ఇనుము ఉందా అని. నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. తొమ్మిదేళ్ళయినా కాపు రాలేదని మామ్మ ఒకప్పుడు ఆ చెట్టుకి మేకులు కొట్టింది. కాయని చెట్టుకి అలా మేకులు కొట్టడం మావైపు ఉన్నదే. మరుసటి ఏడాదే కాపొచ్చింది కూడా.

"మేకు తగిల్తే నా బ్లేడు పోద్ది బాబూ. ఆ దుంగ నా గేటు లోపలికి తేకండి" అన్నాడట మిల్లాయన.

తర్వాత ఇటుక బట్టీకి కట్టెలు కొనే మనిషి వచ్చి చూసి, రెండు వారాల తర్వాత వచ్చే సోమవారం లారీ పంపుతానన్నాడు. ఆ మాట విన్నాక మామ్మ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలకడమే గాని తినలేదు.

"నా సేతుల్తో నాటేను. నా సేతుల్తోనే పాడుసేసేను. ఇప్పుడు బట్టీలో కాల్చీడానికి నేనే కారణం" అంది.

నాన్న సాయంత్రం వెళ్ళి బాబాయి పాకలోంచి రంపం తెచ్చి షాపులో బల్ల మీద పెట్టాడు.

తుని రోడ్డులో మా షాపు. చేలకి మందు కొట్టే మిషన్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడు నాన్న. ఆయన కుడి బొటనవేలు పాత దెబ్బవల్ల సరిగ్గా వంగదు. చిన్న సామాను పట్టుకునే పని డిగ్రీ అయినప్పట్నుంచి నాది. మనుషులతో మాట్లాడాలంటే నాకు బెరుకు. షాపులో వెనక బల్ల దగ్గర కూర్చుంటే ఆ అవసరం రాదు. ఆ చోటు నాకిచ్చినందుకు నాన్నకి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. డైరీలో మాత్రం చాలాసార్లు రాసుకున్నాను.

ఆ వారం డైరీ నిండా బొమ్మలే. విప్పిన ప్రతి బోల్టూ ఏ వరసలో వచ్చిందో గీసుకున్నాను. సిలిండర్ లోపల పిస్టన్ కరిగి అంటుకున్న చారలు వెండి పూతలా ఉన్నాయి. సన్నటి ఎమరీ కాగితంతో, వేలు లోపలికి పెట్టి, నున్నగా అయ్యేదాకా రెండు రోజులు రుద్దాను. కొత్త పిస్టన్ విశాఖ నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది. దాని తల మీద బాణం గుర్తు పొగ గొట్టం వైపు ఉండాలి. పిస్టన్‌ని కింది రాడ్డుకి కలిపే పిన్ను జారకుండా పట్టి ఉంచే చిన్న తీగ రింగు ఒకటి ఉంటుంది. అది పెడుతుంటే టింగుమని ఎగిరిపోయింది. నాన్న పాత స్పీకర్ అయస్కాంతం తాడుకి కట్టి నేలంతా ఈడ్చాడు. దొరకలేదు. ఇంటికెళ్ళాక జడ విప్పుతుంటే అమ్మ దువ్వెనకి తగిలింది.

"పిన్నులు సాలవని ఇవి కూడా పెట్టుకుంటన్నావేటే?" అంది అమ్మ.

చెట్టుని అడ్డంగా నరికే చెయిన్ పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. పలకలు తీయాలంటే దుంగని పొడుగునా చీల్చాలి. దానికి పళ్ళు దాదాపు నిటారుగా అరగదీయాలి. ఒక్కో పంటికి ఎన్ని రుద్దులో లెక్కపెడుతూ ఆకురాయితో ఆ పని నేనే చేశాను. మా దగ్గరున్న చెయిన్ అదొక్కటే, తెగితే ఇంకోటి లేదు. రంపం జారకుండా దుంగ మీద నడిపే ఇనప ఫ్రేము పక్కనున్న వెల్డింగ్ షాపులో చేయించాం.

శనివారం మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. "ఏటమ్మా ఇంజినీరమ్మా, బిగించేక ఎన్ని బోల్టులు మిగిలినాయి?"

"ఏం మిగల్లేదు బాబాయ్."

"అయితే స్టార్టవ్వదు. నేను బాగుసేసినప్పుడల్లా రెండు మిగుల్తాయి."

నాన్న తాడు లాగాడు. ఆరోసారికి దగ్గింది. తొమ్మిదోసారికి అందుకుంది. నీలం పొగలో ముగ్గురం నవ్వుతూ నిలబడ్డాం.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మేకులు ఎక్కడున్నాయో తేలాలి. ఇంటికెళ్ళి మామ్మని అడిగితే నన్ను చూపించింది. "ఇది ఏడేళ్ళ గుంటప్పుడు కొట్టేను. దీన్ని సెట్టుకి ఆన్చి నిలబెట్టి, సరిగ్గా దీని నెత్తి ఎత్తులో, సుట్టూ. మేకులు ఇదే అందించింది. ఐదు."

"అప్పట్నుంచి చెట్టు ఎంత పెరిగిందో" అన్నాడు నాన్న. "మేకులూ దాంతోపాటు పైకెళ్ళుంటాయి."

"ఎల్లవా మరి! ఇప్పుడు మన నెత్తికి రెండడుగులు పైనుంటాయి" అన్నాడు బాబాయి. మొదలు నుంచి ఏడడుగులు పలకలకి, పైది పొయ్యిలోకి అని ఇద్దరూ తేల్చేసుకున్నారు.

అది తప్పని నాకు తెలుసు. పాత వృక్షశాస్త్రం పుస్తకంలో చదివాను, చెట్టు పొడుగు పెరిగేది కొనల దగ్గర. మొదలు లావవుతుందే గాని పైకి లేవదు. మేకు ఎక్కడ కొడితే అక్కడే, అదే ఎత్తులో, చెక్క లోపలికి మునిగిపోతుంది. అంటే మేకులన్నీ వాళ్ళు ఎంచుకున్న ఏడడుగుల్లోనే ఉన్నాయి. అంత వేగంతో తిరిగే చెయిన్ మేకుకి తగిలి తెగితే నాన్న చేతుల మీదికే వస్తుంది. ఇదంతా వివరంగా డైరీలో రాశాను. నాన్నతో మాత్రం అనలేదు. ముప్పై ఏళ్ళుగా మిషన్లతో బతికిన మనిషికి నేను చెప్పడమేమిటి అనిపించింది.

అయినా ఆదివారం పొద్దున్న బయల్దేరే ముందు టేపు తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ప్రతి జూన్‌లో బడి తెరిచే రోజు నాన్న నన్ను ఆ గుమ్మానికి ఆన్చి, నెత్తి మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసేవాడు. పక్కన తరగతి రాసేవాడు. నాకు ఏడేళ్ళప్పటి రెండో తరగతి గీత మూడడుగుల పది అంగుళాల దగ్గర ఉంది.

తోటలో బాబాయి అప్పటికే చేతి రంపంతో వేళ్ళకి జానెడు పైన కోసి, నలుగురి సాయంతో దుంగని దిమ్మల మీదికి ఎక్కించాడు. మామ్మ తాటాకు చాప మీద కూర్చుంది. నాన్న ఫ్రేము బిగించి, తాడు పట్టుకుని ఒంగాడు. నా చెయ్యి దానంతటదే ఆయన భుజం మీదికి వెళ్ళింది.

"నాన్నా, ఆగు. మేకులు ఇక్కడే ఉన్నాయి."

ఆ రెండు ముక్కలకే చెమట పట్టింది. పుస్తకంలో చదివింది తడబడుతూ చెప్పాను.

బాబాయి నవ్వాడు. "పుస్తకాలు సదివేసి సెట్టుకే పాఠం సెప్పేస్తంది గుంట!"

"ఒరే, దాన్ని సెప్పనీ. అది నోరిప్పడమే మనకి పండగ" అంది మామ్మ.

నాన్న నవ్వలేదు. తాడు వదిలి నిటారుగా నిలబడి, "ఎంతెత్తులో?" అని అడిగాడు. అంతే అడిగాడు. ఇప్పటికీ ఆ ఒక్క మాట తలుచుకుంటే నా కడుపు నిండుతుంది.

గుమ్మం మీది గీత సంగతి చెప్పాను. కోసిన జానెడు తీసేసి, సుద్దతో దుంగ చుట్టూ గీత గీశాం. నాన్న ఉలి పెట్టి కొట్టాడు. పసుపు పచ్చని చెక్క పెచ్చులు పెచ్చులుగా లేచింది. మూడంగుళాల లోపల సిరా ఒలికినట్టు నల్లటి మరక కనిపించింది. దాని మధ్యలో మేకు. బాబాయి రెండో ఉలి తీసుకున్నాడు. ఎండ నెత్తికెక్కేసరికి నాలుగు మేకులు బయటికొచ్చాయి. అన్నీ ఒకే ఎత్తులో.

ఐదోది లేదు. అయస్కాంతం తిప్పారు. ఇంకో మూడుచోట్ల తవ్వారు. ఒక్క మేకున్నా నాన్న రంపం ముట్టనన్నాడు. ఇంకా తవ్వితే పలకలకి చెక్కే మిగలదు. రేపు లారీ వస్తుంది.

మామ్మ ఆ నాలుగు తుప్పు మేకుల్నీ అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఓలమ్మా" అంది ఉన్నట్టుండి. "ఐదోది కొట్టనేదురా. ఐదు అట్టుకెళ్ళేను, అదే గుర్తుండిపోనాది. ఐదోది అడిగితే ఈ గుంట ఇవ్వనేదు. సెట్టుకి నొప్పెడతంది మామ్మా అని ఒకటే ఏడుపు. పిడికిలి ఇప్పితే కదా! సర్లే, నాలుగు సాల్లే అని ఇంటికొచ్చీసేను."

"ఖాయమా అమ్మా?"

"కొట్టినదాన్ని నేను. బేగి కానియ్యి."

ఏడ్చిన సంగతి నాకు గుర్తు లేదు. పిడికిట్లో చల్లటి ఇనుము మాత్రం గుర్తుంది. నా ఏడుపు విని సుత్తి దించిన మనిషి, ఆ సంగతే మరిచిపోయి ఇన్ని రోజులు తనని తాను తిట్టుకుంది.

నాన్న తాడు లాగాడు. రంపం మొదటిసారికే అందుకుంది. దుంగ పొడుగునా నిదానంగా నడిచింది, ఎక్కడా ఆగలేదు. పై పలక ఎత్తితే లోపల కొత్త పసుపు ముద్దలాంటి చెక్క. మామ్మ లేచి వచ్చి దాని మీద చెంప ఆనించింది. చీరంతా పసుపు పొట్టు.

సోమవారం వచ్చిన లారీ కొమ్మలు, వేళ్ళు ఎక్కించుకుని వెళ్ళింది. పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో ఆరబెట్టాం. తలుపుకి ఇంకా చాలా నెలలు పడుతుంది. నల్ల మరకలున్న పలక తలుపుకి పనికిరాదని నాన్న పక్కన పెట్టాడు. మంచం కింద ట్రంకు పెట్టెలో నా పుస్తకాలున్న సంగతి ఆయనకి తెలుసని నేననుకోలేదు. నిన్న టేపుతో ఆ పెట్టె కొలుస్తూ కనిపించాడు. నన్ను చూసి, "ఎంతెత్తులో కొట్టమంటావు, ఆ పలకతో పుస్తకాల అర?" అని అడిగాడు.

నా నెత్తి ఎత్తులో అన్నాను.