చౌడు మిద్దె కూలిన కేసు

మా వైపు వానకారుకు ముందు రెండు పనులు ఒకేసారి జరిగేవి. ఆడవాళ్ళు విత్తనానికి వేరుశనగకాయలు ఒలిచేవాళ్ళు. మగవాళ్ళు మిద్దెల మీద చౌడు పోసేవాళ్ళు. చౌడంటే వంకల పక్కన దొరికే తెల్లటి ఉప్పుమన్ను. పరిచి తొక్కితే వాననీళ్ళు ఇంట్లోకి దిగవు. వానలు బాగా పడిన ఏడు పాత చౌడు కొంత కొట్టుకుపోయేది, ఆ మేరకు కొత్తది పోసేవాళ్ళు. ఎనభైల చివర్లో కరువు వరసగా పట్టింది. కొట్టుకుపోవడానికి వానే లేదు. అయినా ప్రతి ఏడూ కొత్త చౌడు ఎక్కుతూనే ఉండేది. ఎవరైనా మానేస్తే, “ఏమప్పా, వానను రావొద్దంటావా?” అని పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు.

నాగలమడికకు పోయే దారిలో మా ఊరు. ఆ కరువేళ్ళలో ఒకరోజు ఊరి ఆసామి పాత మిద్దెలో కూర్చుని మా చిన్నమ్మ కూలికి కాయలు ఒలుస్తోంది. ఆ మిద్దె మీదే చిన్నాయన చౌడు తొక్కుతున్నాడు. నడిమి దూలం విరిగింది. వాకిలి దగ్గరున్న ఆడవాళ్ళు బయటపడ్డారు. లోపలి మూలనున్న చిన్నమ్మ మీద మిద్దె దిగింది. మట్టితో పాటే కిందపడిన చిన్నాయన ఆమెను చేతులతోనే తవ్వి తీశాడు.

తుమకూరు ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె కర్ర పట్టుకుని నడిచేది గానీ, మిద్దె కింద నలిగిన కాలు మడవలేకపోయింది. గొంతుకూర్చోలేని మనిషికి మా ఊళ్ళో కలుపు పని లేదు, ఒలుపు పని లేదు. ఆస్పత్రి ఖర్చయినా ఇమ్మని మావాళ్ళు పోయి అడిగితే ఆసామి అందరి ముందూ అన్నాడు: “మిద్దె నాదే. కూల్చింది నేనా? మొగుడు పైన ఎగిరెగిరి తొక్కితే పెండ్లాం మీద పడినాది. పోయి వాణ్ణే అడగమను.” కొందరు నవ్వారు కూడా.

నేను అప్పటికి పత్రికకు వార్తలు పంపుతుండేవాణ్ణి. పావగడలో ఒక వకీలు తెలుసు. చిన్నాయనను ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

“మిద్దె పాడైనట్టు ఆసామికి ముందే తెలుసునని చూపించాలప్పా. లేకుంటే నాకేం తెలుసు అంటాడు” అన్నాడు వకీలు.

అప్పుడు చిన్నాయన బయటపెట్టాడు. “ముందురోజు నేనే చెప్పినా సార్. దూలం పర్రె ఇచ్చింది, పాత చౌడు గోకేసి కొత్తది పోద్దామంటి. గోకేదానికి పొద్దు యాడుండాది, పోయ్ పోయ్ అన్యాడు.”

“ఇంకేం! ఆ మాట కోర్టులో చెప్పు.”

“చెప్తే నాకూ తెలుసునని అయితాది గదా సార్?”

“అయితాది.”

“కింద పెండ్లాముండాదని తెలిసే పోసినావా అంటారు.”

“అంటారు.”

“ఆయమ్మకు నేనీ మాట చెప్పలేదు సార్.”

బస్సులో తిరిగి వస్తూ చిన్నాయన నాతో ఒక్కటే అన్నాడు, ఇంట్లో అనొద్దని. కేసు దాఖలైంది. వాయిదా ఉన్నప్పుడల్లా చిన్నమ్మ తల దువ్వుకుని బయలుదేరేది. “నువ్వు రావాకు, బస్సులో కాలు నొస్తాది” అని ఆయన ఆపేవాడు. “నా కాలు కేసుకు నేను రాకుంటే ఎట్లయ్యా?” అని ఆమె ముందు నడిచేది.

చిన్నాయన సాక్ష్యం చెప్పే రోజు ఆమె వెనక బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. ఆసామికి ముందే చెప్పావా అని మా వకీలు అడిగాడు. చిన్నాయన వెనక బెంచీ వైపు చూశాడు. వకీలు మళ్ళీ అడిగాడు. జడ్జిగారు కాగితాల మీంచి తలెత్తి, “హేళప్పా”, చెప్పమని కన్నడంలో అన్నారు.

చెప్పాడు. తాను గోకుదామన్న మాటా, ఆసామి వద్దన్న మాటా రెండూ చెప్పాడు.

ఆసామి వకీలు లేచాడు. “దూలం పగులిచ్చిందని తెలిసే పోశావా?”

“పోసినా.”

“కింద నీ భార్య ఉందని తెలుసా?”

“తెలుసు సామీ. పొద్దున ఇద్దరమూ కలిసే పనికి పోయినాము.”

నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. కర్ర నేలకు తగిలిన చప్పుడు వినిపించింది.

బయటికొస్తే ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది. చిన్నాయన దూరంగా ఆగాడు.

“ఒక్క కేక యేసింటే బయటికి వచ్చుందును కదయ్యా” అంది.

“ఆసామి ఇద్దర్నీ పనికి రావొద్దంటాడని...”

“అననీ. రెండు కాళ్ళతో ఇంటికి పోయుందును.”

చాలా నెలలకు తీర్పు వచ్చింది. చెడిపోయిందని తెలిసీ మిద్దె బాగుచేయించని ఆసామిదే బాధ్యత అన్నారు. మొగుడు చౌడు పోశాడన్న కారణంగా ఆమెకు రావలసింది పోదన్నారు. ఆ కబురు చెప్పడానికి ఇంటికి పోయాను. చిన్నమ్మ పొయ్యి ముందు పీట మీద కాలు చాపుకుని సంగటి కెలుకుతోంది. చిన్నాయన గోడకు ఆనుకుని, ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నాడు. అంతా చెప్పాను.

ఆమె కెలకడం ఆపలేదు. “మనమే గెల్చినామంట అని మీ చిన్నాయనకు చెప్పు నాయనా” అంది.

ఆయన నా వైపే చూస్తూ, “ఇన్యానని చెప్పు” అన్నాడు.