అమ్మ మొక్కు, నా అరికాలు

తడికాళ్ళతో గచ్చు మీద నడిస్తే మా ఇంట్లో అందరికీ నిండు పాదం పడుతుంది. నాకు మాత్రం ముందు ఒక ముక్క, వెనక మడమ ముక్క. మధ్యలో ఏమీ ఉండదు. అరికాలి వంపు అంత ఎత్తు. "నీ కాలి కింద ఎలకపిల్ల దూరి పోతాదిరా" అని అమ్మ నవ్వేది. చిన్నప్పుడు అది వేళాకోళం. నలభై దాటాక, రోజంతా నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పే పంతులుకు అదే పీడ అయింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

బూటు అడుగున అట్ట ఎంత మందంగా, మెత్తగా ఉంటే అంత మంచిదనుకుని దిండ్లలాంటి బూట్లు తొడుక్కుని తిరిగాను. తిరుపతిలో ఒక ఫిజియోథెరపిస్టు వాటిని పక్కన పెట్టించింది. నా కాలు బిగుసుకుపోయి, బరువంతా మడమ మీదా వేళ్ళ మొదళ్ళ మీదా పడుతోందట. పాదం లోపలి కండకు బలం రావాలంది. కింద పరిచిన తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోమంది. వేళ్ళు విచ్చుకునేంత వెడల్పుగా, నేల తెలిసేంత పల్చగా ఉండే బూట్లు తెప్పించుకోమంది. "మొదట ఇంట్లో కాసేపు, తర్వాత వీధిలో కాసేపు. తొందరపడినారంటే ఉండేది కూడా పోతాది సార్" అని హెచ్చరించింది.

అవి వచ్చిన రోజు అమ్మ ఒక బూటును చేత్తో చపాతీలా చుట్టి చూసింది.

"ఇంత దుడ్డు పోసి, సెప్పులు ల్యాకుండా నడిసినట్టుండే సెప్పులు కొన్నావా? ఊరికినే నడిస్తే పోలా?"

ఆమె అలాగే నడిచేది. ఏళ్ళ తరబడి షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దేవుని పటాలుండే ఇంట్లో చెప్పులేందని ఆమె వాటిని గడప బయటే వదిలేసేది. ఎంత మొత్తుకున్నా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. ఆ కాళ్ళకు ఏమవుతుందోనన్న భయం ముందు నా మడమ నొప్పి ఒక లెక్కే కాదు.

కొన్ని నెలలకు నా నొప్పి తగ్గింది. ఒక పొద్దున గోడ పట్టుకోకుండా వంటింటి దాకా నడిచి వెళ్ళాను. అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

"నీ కాలు బాగైతే ఒట్టికాళ్ళతో కొండెక్కిస్తానని స్వామికి మొక్కుకున్నా. ఇంక పోదాం."

"ఎవురిని ఎక్కిస్తానని?"

"నిన్నే. కాలు ఎవురిది?"

మా ఇళ్ళలో ఇదొక పద్ధతి. మొక్కేది ఒకరు, తీర్చేది ఇంకొకరు. మాట ఇచ్చేది అమ్మ, గుండు కొట్టించుకునేది కొడుకు. వాడిని అడగాలని ఎవరికీ తోచదు.

రాతిమెట్ల మీద అంతసేపు ఒట్టికాళ్ళతో ఇప్పుడే వద్దంది ఫిజియోథెరపిస్టు. కొన్నాళ్ళు ఆగుదామన్నాను. లేదంటే ఆ పల్చటి బూట్లతో ఎక్కుతానన్నాను. "స్వామిని మోసం సేస్తావా?" అని అమ్మ కళ్ళెర్రజేసింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

"మొక్కు యాడికీ పోదు అత్తా. ఆయన కాలు గట్టిపడనీ" అని నా భార్య సర్దిచెప్పింది. అమ్మ సరేనంది. ఎన్నడూ లేనిది అంత సులువుగా ఒప్పుకుందేమిటని నాకు అనుమానం రాలేదు, సంతోషమే వేసింది.

తర్వాతి వారం, ఐరాలలో ఉన్న తన చెల్లెలింటికి పోతున్నానని అమ్మ పొద్దున్నే బయల్దేరింది. సాయంత్రం ఆటో దిగేసరికి చేతిలో లడ్డు, కాళ్ళకు చెప్పుల్లేవు.

"నీ బదులు నేనెక్కేసినా. కొడుకు బదులు తల్లి ఎక్కితే ఒప్పుకోడా ఆయన?"

ఆమె నడిచిన చోటల్లా గచ్చు మీద ఎర్రగా మరకలు పడ్డాయి. ఆడవాళ్ళు మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కుతారు కదా, అదే అంటుకుందనుకున్నాను. నా భార్య తడిగుడ్డ తెచ్చి తుడవబోయి ఆగిపోయింది. అమ్మను కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. చిటికెనవేలి కింద తోలు లేచిపోయి లోపలి మాంసం కనబడుతోంది.

"నొప్పి తెలీలేదా అమ్మా?" అని అరిచాను.

"రవ్వంత కూడా ల్యా. ముసిలిదాన్ని, అన్ని మెట్లెక్కినా ముల్లు గుచ్చినంత నొప్పి ల్యా. స్వామి మహిమ గాక ఏంది?"

ఆమె మొహం వెలిగిపోతోంది. అది మహిమ కాదు, షుగరు అని నా నోటితో చెప్పలేకపోయాను.

పుండు మానలేదు. ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. కట్టుతో పడుకుని కూడా పక్క మంచం ఆమెకు నా సంగతే చెప్పింది, "మావాడు ఇప్పుడు గుర్రం మాదిరి నడస్తాడు" అని. వింటున్న నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. దేవుడి మీద కాదు, అమ్మ మీద కూడా కాదు. బాగైన నా కాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండింది.

ఇప్పుడు ఆమె ఇంట్లోనూ మందపాటి మెత్తటి చెప్పులు వేసుకుంటుంది. స్పర్శ ఇంకా తగ్గితే మిగతా వేళ్ళకూ ముప్పేనని, రోజూ పాదాలు పట్టి చూడమని డాక్టరు చెప్పాడు. సాయంత్రం బడి నుంచి రాగానే ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుంటాను. కళ్ళు మూసుకోమని ఒక్కో వేలూ నొక్కి అడుగుతాను.

నిన్న బొటనవేలి దగ్గరికి వచ్చాను.

"ఈడ తెలస్తా ఉండాదా అమ్మా?"

"తెలస్తా ఉండాదప్పా. బాగా తెలస్తా ఉండాది" అంది, కళ్ళు గట్టిగా మూసుకుని.

నేనింకా నొక్కలేదు.