నా ఉయ్యాల ఎక్కిన నాగలి

నిన్న నిజామాబాద్‌లో ఒక పెళ్ళిలో పూలు చుట్టిన ఉయ్యాల చూశాను. గొలుసు కిర్రుమనగానే, ఈ వయసులో కూడా, నాకు కడుపు మండింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, నడింట్లో దూలానికి వేలాడే బల్ల ఉయ్యాల? కోటగిరి దగ్గర మా ఇంట్లో అది నాదే. ఆ గొలుసుల ఇనుప వాసన ఎప్పుడూ నా అరచేతుల్లో ఉండేది.

నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు పక్క చేను సాయన్న కొత్త ట్రాక్టర్ కొన్నాడు. మీట లాగితే వెనక నాగలి దానంతటదే పైకి లేచేది. మా పాత ట్రాక్టర్ నాగలిని ఈడ్చేదే తప్ప ఎత్తేది కాదు. మడి చివర మా బాపు దిగి చేతులతో ఎత్తాల్సిందే.

"మీ బాపుకు నడుము నొస్తలేదా?" అని సాయన్న కూతురు సుగుణ బళ్ళో నవ్వేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఉయ్యాల బల్ల గోడకు ఆనించి ఉంది. గొలుసులు లేవు. బాపు, కమ్మరి కలిసి పాత ఇనుముతో ట్రాక్టర్ వెనక నాగలిని పట్టే ఇనుప చేతులు కింద రెండు, పైన ఒకటి బిగించి, వాటికి ఉయ్యాల గొలుసులు తగిలించారు. బాపు మీట లాగగానే నా గొలుసులు నాగలిని పైకి లేపాయి. అది గాలిలో హాయిగా ఊగింది. ఒక నాగలిని చూసి అంతగా కుళ్ళుకున్నది నేనొక్కదాన్నేనేమో.

సాయన్న సుగుణను వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు.

"గీ గొలుసులు యాడికెల్లి తెచ్చినవ్?"

"మా బిడ్డ ఇచ్చింది" అన్నాడు బాపు, నా వైపు చూడకుండా.

నేను ఇవ్వలేదు. కానీ సుగుణ ముఖం మాడిపోవడం చూశాక ఆ మాట కాదనలేదు. ఇప్పటికీ కాదనడం లేదు.